ఎర్ర దారం కట్టిన గొట్టం

మొన్న గచ్చిబౌలి దాటాక కట్టిన కొత్త ల్యాబులో చెయ్యి చాపి కూర్చున్నప్పుడు ఏదో తక్కువైనట్టు అనిపించింది. గది చల్లగా ఉంది. కుర్చీ మెత్తగా ఉంది. అక్కడి పిల్ల నొప్పి తెలియకుండా రక్తం తీసింది. గొట్టాన్ని ఒక యంత్రం నోట్లో పెడితే అది గుటక వేసింది, నిమిషంలో కాగితం బయటికొచ్చింది. నేను లేవలేదు. ఇంకా ఏదో జరగాలన్నట్టు అలాగే కూర్చున్నాను. "అయిపోయింది అంకుల్" అంది ఆ పిల్ల. అప్పుడు తెలిసింది, నేను టక్ టక్ చప్పుడు కోసం ఎదురుచూస్తున్నానని.

కాగితం చేతికి రాకముందే లేచి బయటికొచ్చాను. కాళ్లు ఇంటివైపు పోలేదు. షేర్ ఆటో ఎక్కి మాదాపూర్‌లో ఆ పాత సందు దగ్గర దిగాను. ఒకప్పుడు నేను పోయే ల్యాబు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పక్కన మందుల షాపు మాత్రం అదే. షాపతను నన్ను గుర్తుపట్టాడు. ఆ ల్యాబులో రక్తం చూసే మేడమ్ ఎక్కడుందని అడిగితే నావైపు వింతగా చూసి, "ఆమె పోయి రెండేండ్లాయె కాకా. గుండె ఆగిందట" అన్నాడు.

నాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? నేను ఆమెకు ఏమవుతానని? పేరన్నా తెలియదు. సందులో అందరూ మేడమ్ అనేవాళ్లు. నేను బిడ్డా అనేవాణ్ని. ఆమె నన్ను బాబాయి గారూ అనేది. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట చివర అండి లేకుండా కుక్కను కూడా అదిలించేది కాదు.

ఆ రోజు నుంచి కుదురు లేదు. బర్రె కొట్టంలోకి పోతాను, ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగొస్తాను. రాస్తే కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కటి దిద్దుకుంటూ పోవాలి. తొందరపడటానికి లేదు. అది ఆమెకు నచ్చేది.

తొంభై ఏడు, తొంభై ఎనిమిది నాటి మాట. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ ఇంకా కర్రల నడుమ ఉంది. చుట్టూ బండలు పేలుస్తున్నారు. మొదట ఈల వినపడేది, తర్వాత మందు పేలేది, ఆ తర్వాత ల్యాబు కిటికీ అద్దం కాసేపు వణికేది. నాకప్పుడు నానక్‌రామ్‌గూడలో ఐదు బర్రెలు ఉండేవి. పొద్దున, సాయంత్రం సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని కొండాపూర్ దాకా పాలు పోసేవాణ్ని. మెడ పక్కన గోలీల్లాంటి గడ్డలు వచ్చాయని దవాఖానకు పోతే రక్తపరీక్ష రాశారు. ఆ పరీక్షే నన్ను ఆమె ముందు కూర్చోబెట్టింది.

పొట్టి మనిషి. గడియారం అద్దం మణికట్టు లోపలివైపు ఉండేట్టు పెట్టుకునేది. వేళ్ల చివరలు ఎప్పుడూ ఊదారంగులో ఉండేవి. గోరింటాకు పాడైందనుకున్నాను మొదట. రక్తాన్ని గాజు పలక మీద గీసి దాని మీద పోసే రంగు అది, ఎంత కడిగినా పోదట. అందుకే మధ్యాహ్నం పెరుగన్నం చెంచాతో తినేది.

రక్తం తియ్యమని చెయ్యి చాపితే వెంటనే తీసేది కాదు. "ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చారు కదండీ. పది నిమిషాలు కూర్చోండి. రక్తం కుదుటపడాలి." నాకు పది నిమిషాలు కూర్చోవడం ఎప్పుడూ చేతకాలేదు. లేచి గుమ్మం దాకా పోయేవాణ్ని, తిరిగొచ్చేవాణ్ని. ఆమె గడియారం చూసి, "మళ్లీ మొదటి నుంచండి" అనేది. ఒకసారి నలభై నిమిషాలు పట్టింది ఆ పది నిమిషాలు పూర్తవడానికి.

నన్ను కూర్చోమనే మనిషి తాను కుదురుగా ఉండేదా అంటే అదీ లేదు. బల్ల కింద కాలు ఆడుతూనే ఉండేది. ఏ పనీ లేనప్పుడు ఎడమచేతి వేళ్లు బల్ల మీద ఏదో లెక్కపెడుతూ ఉండేవి. మైక్రోస్కోప్‌లో కన్ను పెడితే మాత్రం పై సగం రాయి అయిపోయేది. కుడిచెయ్యి పలకను జరుపుతూ ఉంటుంది, ఎడమచెయ్యి చిన్న పెట్టె మీద ఉంటుంది. ఆ పెట్టెకు మీటలు. ఒక్కో రకం కణానికి ఒక్కో మీట. కణం కనపడగానే టక్. వంద కాగానే చిన్న గంట మోగుతుంది. మిగతా ల్యాబుల్లో గంట మోగితే లేచిపోతారట. ఈమె లేవదు. రెండో గంట మోగేదాకా కూర్చుంటుంది.

"వందతో సరిపోదా?" అని అడిగాను ఒకసారి, రెండో గంట దగ్గరపడిందని తెలియక. ఆమె నావైపు చూడలేదు. తిట్టలేదు. మీటలన్నీ సున్నాకు తిప్పి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె లెక్కలో ఉండగా నేను నోరు తెరవలేదు. నోరు మూసుకోవడం నాకు నేర్పిన మనిషి ఆమె ఒక్కతే. నా భార్య నలభై ఏళ్లు ప్రయత్నించి ఊరుకుంది.

నా జబ్బు సంగతి నగరంలోని పెద్ద డాక్టరు చెప్పాడు. రక్తంలో తెల్లకణాల జబ్బు, క్యాన్సరే, కానీ నిదానపు రకం. ఇప్పుడు మందు వద్దు, మూడు నెలలకోసారి లెక్క చూపించు అన్నాడు. ఎర్రకణాలు తగ్గకూడదు, గడ్డలు పెరగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తెల్లకణాలు ఎంత కాలానికి రెండింతలు అవుతాయన్నది. ఏళ్లు పడితే జబ్బు నడుస్తున్నట్టు. నెలల్లో అయితే పరిగెడుతున్నట్టు. పరిగెత్తితే మాత్రలు మొదలుపెట్టాలి. మాత్రలు మొదలైతే ఒంట్లో రోగాలను ఆపే కాపలా పడిపోతుంది, పేడ, గడ్డి, కొట్టం, వీటి జోలికి పోకూడదు.

అంటే బర్రెలు ఉంటాయా పోతాయా అన్నది ఆ ఒక్క అంకె మీద ఉంది. నాకు వేరే పని రాదు. చావు గురించి నేను పెద్దగా ఆలోచించలేదు, నిజమే చెప్తున్నాను. పొద్దున లేచి పితకడానికి ఏమీ లేకపోవడం గురించి ఆలోచించాను.

అందుకే ప్రతిసారీ ఆమెను పట్టుకుని అడిగేవాణ్ని, నాది నడిచేదా పరిగెత్తేదా, ఇంకెన్నేళ్లు ఉంటానని. ప్రతిసారీ ఒకటే జవాబు.

"నేను లెక్క చెప్తానండి. జాతకం చెప్పను."

ఒకరోజు జనం లేరు. నా పోరు పడలేక నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మైక్రోస్కోప్‌లో చూడమంది. ఒక కన్ను మూసుకోవడం రాక నా అరచేత్తో మూసుకున్నాను. ఊదారంగు గుండ్రటి గింజలు, ఆరబోసిన జొన్నల్లా ఒత్తుగా. మధ్యమధ్యలో రూపం లేని మరకలు.

"ఇవేనా నన్ను చంపేటివి?" అన్నాను.

"ఇవి మీవేనండి. చచ్చిపోవడం మర్చిపోయిన కణాలు. ఒకటి పుడితే ఒకటి పోవాలి కదా. ఇవి పోవు, అలా పోగుపడతాయి."

"ఆ మరకలేంది?"

"అవీ అవేనండి. నాజూకువి. గాజు మీద గీసేటప్పుడు చితికిపోతాయి. కొందరు వదిలేస్తారు. వదిలేస్తే లెక్క తక్కువొస్తుందండి. చితికినవీ లెక్కే."

ఆ పలకల్ని ఆమె పారేసేది కాదు. చెక్కపెట్టెలో పలకలు నిలబెట్టే గాళ్లు ఉండేవి, నావన్నీ ఒక వరుసలో. కొత్త పలక చూశాక పాతది తీసి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూసేది. ఓనరు అది చూసి టైం వేస్టు అనేవాడు. ఓనరంటే ల్యాబు పెట్టిన డాక్టరు. మధ్యాహ్నం వచ్చి రిపోర్టుల మీద సంతకాలు పెట్టి పోయేవాడు.

తొంభై ఎనిమిది ఎండాకాలం వచ్చేసరికి ఆరుసార్లు అయ్యాయి నావి. నలభై ఒక్క వేలు, నలభై మూడు, నలభై రెండు, అలా నడుస్తూ నలభై తొమ్మిది దాకా వచ్చింది. అంకెలు నాకు రాత్రిబడికి పోకముందే తెలుసు, పాలు కొలిచేవాడికి తెలియకుండా ఉంటాయా? రిపోర్టులో ఏ గీత దగ్గర నా అంకె ఉంటుందో చూసుకోవడం ఆమె నేర్పింది.

ఏడోసారి ఒక సోమవారం పోయాను. ఆ రోజు ల్యాబు నిండా జనం. ఎవరో కాంట్రాక్టరు తన కూలీలందర్నీ రక్తపరీక్షకు పంపాడు. బయట బండలు ఆగకుండా పేలుతున్నాయి. నన్ను కూర్చోబెట్టింది, పది నిమిషాలు చూసింది, రక్తం తీసింది. సాయంత్రం రిపోర్టు తీసుకుని నా గీత దగ్గర చూశాను. లక్షా నాలుగు వేలు.

అంకె పొడుగ్గా ఉందేమిటా అని వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. ఆరు అంకెలే. ఆమె అప్పటికి వెళ్లిపోయింది.

బుధవారం పెద్ద డాక్టరు ఆ కాగితం చూసి కళ్లజోడు తీశాడు. మూడు నెలల్లో రెండింతలు దాటింది, ఇక ఆగకూడదు అన్నాడు. అలసటగా ఉందా అని అడిగాడు. ఎండాకాలం, ఐదు బర్రెలు, ఒంటిచెయ్యి, అలసట లేకుండా ఎలా ఉంటుంది? ఉందన్నాను. సోమవారం నుంచి మాత్రలన్నాడు. కొట్టం మాట మళ్లీ గుర్తుచేశాడు.

నేను ఏదైనా చెయ్యాలనుకుంటే ఆగలేని మనిషిని. గురువారమే బర్రెల బేరగాడికి కబురు పెట్టాను. శనివారం తెల్లవారుతూనే వ్యాను వచ్చింది. ఒక్క ట్రిప్పుకు మూడే పడతాయి. మూడు ఎక్కి పోయాయి. నేను చూడలేదు, గడ్డి సర్దుతున్నట్టు నటించాను. వ్యాను తిరిగొచ్చి మిగతా రెండింటి పలుపులు బేరగాడి చేతిలో ఉన్నప్పుడు, బజారులో షేర్ ఆటో ఆగి ఆమె దిగింది.

ల్యాబులో తొడుక్కునే రబ్బరు చెప్పులతోనే వచ్చింది. ప్రగతి నగర్ నుంచి రెండు ఆటోలు, ఒక బస్సు మారాలి మా ఊరికి. ఇల్లెలా తెలిసిందంటే, పాలాయన ఇల్లెక్కడని అడుగుతూ వచ్చిందట. చంకలో స్టీలు టిఫిన్ డబ్బా.

"అమ్మేశారా బాబాయి గారూ?"

"మూడు పోయినయి. ఈ రెండు పోతున్నయి. ఏంది బిడ్డ, గింత పొద్దుగాల పాలకొచ్చినవా?"

"రిపోర్టు తప్పండి."

బేరగాడు, నా భార్య, పాలకొచ్చిన ఇద్దరు ముగ్గురు, అందరూ వింటున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. డబ్బా తెరిచి గాజు గొట్టం ఒకటి తీసింది. మెడకు ఎర్ర దారం కట్టి ఉంది. లోపల నీళ్లలాంటిది, తేటగా, నిండుగా.

తెల్లకణాలు ఎక్కువున్నవాళ్ల రక్తాన్ని మామూలుగా చూస్తే ఒకదాని మీద ఒకటి పడి లెక్కకు అందవట. అందుకని నేను వచ్చే రోజు పొద్దున్నే ఒక గొట్టంలో రక్తాన్ని పలచన చేసే నీళ్లమందు రెండింతలు పోసి, మిగతావాటిలో కలిసిపోకుండా ఎర్ర దారం కట్టి పెట్టుకుంటుంది. నా రక్తం అందులో కలిపి, వచ్చిన లెక్కను మళ్లీ రెండుతో హెచ్చవేస్తుంది. ఎప్పుడూ అలాగే చేసింది. శుక్రవారం సాయంత్రం గొట్టాల స్టాండు కడుగుతుంటే వెనక వరుసలో ఈ ఎర్ర దారం గొట్టం కనపడింది. సోమవారం పోసినది పోసినట్టే ఉంది.

"ఆ రోజు మీ రక్తం మామూలు గొట్టంలో వేసేశానండి. రెండుతో మాత్రం అలవాటు కొద్దీ హెచ్చవేసేశాను. రాత్రి ఇంటికెళ్లబోయి మళ్లీ వెనక్కొచ్చి పాత పలక, కొత్త పలక పక్కపక్కన చూశాను. పలక మీద నీళ్లు కలపం కదండీ, అది అబద్ధం చెప్పదు. రెండిట్లో కణాల గుంపు ఒక్కలాగే ఉంది. మీ జబ్బు పరిగెత్తలేదు బాబాయి గారూ. నేనే పరిగెత్తించాను."

నాకు మొదట కోపమే వచ్చింది. మూడు బర్రెలు ఆ పాటికి శంకరపల్లి రోడ్డులో బేరగాడి కొట్టంలో ఉంటాయి. చేతిలో గడ్డికట్ట ఉంది, దాన్ని ఎక్కడ విసరాలో తెలియలేదు. తర్వాత ఆమె చెప్పింది మెల్లగా లోపలికి దిగింది. నీళ్లెన్ని, పాలెన్ని అన్న లెక్క నాకు ఇంకొకరు విడమరిచి చెప్పాలా?

"పాలోడు నీళ్లు పోసి పోయలేదంటడు" అన్నాను. "నువ్వు పోయకుండనే పోసినన్నవ్. నాకంటె ఘనురాలివి బిడ్డ."

బేరగాడు పక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు. గొట్టాన్ని మళ్లీ డబ్బాలో జాగ్రత్తగా పెట్టింది. బండలు పేలడం వల్ల తికమకపడి ఉంటావులే అన్నాను, నాకు చేతనైన ఓదార్పు అది.

"కాదండి. బండలు రోజూ పేలుతాయి. మర్చిపోయింది నేను."

నా భార్య ఊరుకునే మనిషి కాదు. "ఒకపారి తప్పు చెప్పినావె, ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?" అంది సూటిగా.

"నమ్మకండమ్మా. మళ్లీ తీస్తాను. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెడతాను. అప్పటిదాకా ఆ రెండిట్నీ ఆపండి."

బేరగాడు పలుపులు వదల్లేదు. మాటంటే మాటే, వ్యాను కిరాయి ఎవరిస్తారు అన్నాడు. తప్పు చేసి దాచుకున్నవాళ్లను చాలామందిని చూశాను, నేనూ ఒకణ్ని. తప్పు పట్టుకుని రెండు ఆటోలు, ఒక బస్సు మారి ఎదురొచ్చిన మనిషిని చూడటం అదే మొదటిసారి. పలుపులు అతని చేతిలోంచి లాక్కున్నాను.

ఆమె సూది తీసింది. నేను చెయ్యి చాపాను.

"కూర్చోండి" అంది. "పది నిమిషాలు."

పాల క్యాను బోర్లించి దాని మీద కూర్చున్నాను. బేరగాడు తిట్టుకుంటూ వ్యాను ఎక్కాడు. ఊరంతా పనులు మానేసి చూస్తోంది. ఆమె గడియారం చూసుకుంటూ నిలబడింది, కాలు ఆడిస్తూ. ఆ పది నిమిషాలు నేను కదల్లేదు.

రక్తం తీసుకుని ఆమె ఆటో ఎక్కితే నేనూ ఎక్కాను. ల్యాబులో ఎర్ర దారం గొట్టంలో నా రక్తం కలపడం నా కళ్ల ముందే జరిగింది. చదరాలు గీసిన గాజు మీద చుక్క వేసి లెక్కపెట్టింది, చెరిపి మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత పలక. టక్ టక్. ఒక గంట. రెండో గంట. ఊపిరి పీల్చడం కూడా ఆమె లెక్కకు అడ్డమేమోనని మెల్లగా పీల్చాను.

యాభై ఒక్క వేలు.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. ఈ రాతకు పని ఉండేది కాదు.

ఓనరు ఆ రోజు ముందే వచ్చాడు. సంగతి విని మొహం ముడుచుకున్నాడు. రక్తం గడ్డకట్టింది, అందుకే మళ్లీ తీశామని రాసి ఇచ్చెయ్యి, ఈ పెద్దాయనకు అర్థమవుతుంది అన్నాడు ఆమెతో, నేను అక్కడ లేనట్టు. నాకు అర్థమైంది, అందుకే మండింది. నా మూడు బర్రెలు గడ్డకట్టిన రక్తానికి పోయాయా? పైగా నా భయం నాకుంది. పెద్ద డాక్టరు నోటిమాట వినడు, కాగితం చూస్తాడు. కాగితం మీద ఏది తప్పో, ఏది నిజమో తేటగా లేకపోతే సోమవారం మాత్రలు మింగాల్సిందే. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నవాడికి కాగితం మీద ఉన్నదే నిజం అనిపిస్తుంది.

బయట బెంచీల మీద జనం ఉన్నారు. అందరికీ వినపడేలా అన్నాను, "ఉన్నదున్నట్టు రాసియ్యుర్రి. ఎవరిది తప్పో గది గూడ రాయుర్రి. లేకుంటె నేనీడికెల్లి లేవ."

ఓనరు నా భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ఆగలేదు. రిపోర్టు కాగితం ముందుకు లాక్కుని, నాకోసం తెలుగులో, విడివిడి అక్షరాలతో రాసింది: గత రిపోర్టు తప్పు. నీళ్లమందు లెక్కలో పొరపాటు. పొరపాటు నాది. కింద సంతకం పెట్టింది. ఓనరుకు ఇవ్వకుండా నా చేతికే ఇచ్చింది.

పెద్ద డాక్టరు సోమవారం దాన్ని రెండుసార్లు చదివాడు. మాత్రలు వద్దన్నాడు.

మూడు నెలల తర్వాత నేను పోయేసరికి ఆమె కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. బల్ల మీద కొత్త యంత్రం. నన్ను కూర్చోమనలేదు, వెంటనే గుచ్చాడు. మేడమ్ ఏదంటే మానేసిందన్నాడు. మందుల షాపతను గుసగుసగా అసలు సంగతి చెప్పాడు. ఆ శనివారమే పొమ్మన్నారట. నలుగురిలో ల్యాబు పరువు పోయిందని.

నలుగురిలో అరిచింది నేను.

ఆమె ఎక్కడుంటుందో తెలుసుకోవచ్చు, ప్రగతి నగర్ ఏమంత దూరం. పోలేదు. ఏ మొహంతో పోవాలి? మాట అనడం వచ్చినంత తేలికగా వెనక్కి తీసుకోవడం నాకు రాదు. ఏడాది గడిచాక కొండాపూర్ చౌరస్తాలో, బస్టాపులో కనపడింది. మొదట మనిషిని చూడలేదు, గొడుగు పిడి మీద ఆడుతున్న ఎడమచేతి వేళ్లను చూశాను. సైకిల్ దిగాను. వేళ్లకు ఊదారంగు ఉంది. ఎక్కడో పని చేస్తోందన్నమాట, ఆ మాత్రం ప్రాణం కుదుటపడింది. నిజాంపేట వైపు చిన్న నర్సింగ్ హోములో సాయంత్రాలు చేస్తున్నానంది.

"నా నోటి పాపాన నీ నౌకరి పోయింది" అన్నాను. ఇంకోలా చెప్పడం రాలేదు.

"మీరడక్కపోయినా రాసేదాన్నేనండి. ఇంకొంచెం మెల్లగా రాసేదాన్ని" అంది. తర్వాత, "ఇప్పుడు ఎంతుంది?" అని అడిగింది.

యాభై ఎనిమిది వేలని చెప్పాను. ఎర్రకణాలు, గడ్డలు, అన్నీ అడిగింది. గొడుగు మీద వేళ్లు ఆగాయి. పై దేశాల్లో కణం ఒంటి మీద గుర్తులు చూస్తున్నారట, ఆ గుర్తు ఎక్కువగా ఉంటే జబ్బు పరిగెత్తే రకమని, లేకపోతే నడిచే రకమని చెప్పొచ్చంటున్నారట, పుస్తకంలో చదివానంది. మన దాకా రావడానికి ఏళ్లు పడుతుందట. ఆ మాటలు చెప్తున్నప్పుడు ఆమె మొహం పరీక్ష పాసైన పిల్ల మొహంలా ఉంది.

"గది వచ్చేదాక నేనుంటనా?" అన్నాను. "ఇప్పుడన్న చెప్పు బిడ్డ."

బస్సు వస్తోంది. ఆమె గొడుగు ముడిచింది. ఎప్పటి జవాబే వస్తుందనుకున్నాను.

"నేను జాతకం చెప్పనండి" అంది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "బర్రెల్ని కొనుక్కోండి బాబాయి గారూ."

ఆమెను చూడటం అదే ఆఖరు. ఆ వారమే ఒకదాన్ని కొన్నాను. తర్వాత ఇంకో రెండు. మా ఊరి చుట్టూ అద్దాల మేడలు లేచేదాకా, గడ్డికి చోటు లేకుండా పోయేదాకా నా కొట్టంలో ఐదు ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటే, నా మొండితనం కొద్దీ.

ఈ మధ్యే ఆ గుర్తు పరీక్ష నాకూ చేశారు. కొత్త దవాఖానలో కుర్ర డాక్టరు కాగితం చూసి, మీ కణాల మీద ఆ గుర్తు లేదండీ, నిదానపు రకం, చాలా అదృష్టవంతులు అన్నాడు, ఎవరికీ తెలియనిది చెప్తున్నట్టు. నా ఫైలు చాలా లావుగా ఉంది, పాత కాగితాలు తీసెయ్యమన్నాడు. తీసేశాను. చేతిరాత ఉన్న కాగితం ఒక్కటి ఉంచాను. పైన రాసినదంతా నేను చదవగలను. కింద ఆమె సంతకం మాత్రం ఎన్నిసార్లు చూసినా నాకు అందలేదు, గబగబా గీసిన గీత అది. ఎవరితోనైనా చదివించుకోవచ్చు. చదివించుకోలేదు. ఆమెనే అడగొచ్చులే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మందుల షాపులో ఆ మాట విన్నాక, నిన్న మళ్లీ ఆ కొత్త ల్యాబుకు పోయాను, వదిలేసిన రిపోర్టు కోసం. ఆ పిల్లే ఉంది. కాగితం ఇచ్చింది. నా గీత దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. డెబ్బై తొమ్మిది వేలు. ఇన్నేళ్లకు ఇంకా రెండింతలు కాలేదు.

బాగానే ఉంది. అయినా కాళ్లు కదల్లేదు. యంత్రం అవతల ఇంకెవరి రక్తాన్నో గుటక వేస్తోంది.

"ఇది తప్పయితే మా ఇంటికి ఎవరొస్తరు బిడ్డ?" అని అడిగాను.

"తప్పు రాదు అంకుల్, మెషీన్ కదా" అంది ఆ పిల్ల. నవ్వి, తర్వాతి నంబరు పిలిచింది.